మస్తాన్ పట్టిన జెల్లలు

కరోనా రాకముందు ఏడాది. కువైట్‌లో ఫహాహీల్ చేపల మార్కెట్లో నాది క్లీనింగ్ కౌంటర్. అంటే, జనం తెచ్చిన చేపకు పొలుసు గీకి, పేగు తీసి, ముక్కలు కొట్టి ఇయ్యడం. ఇప్పటికీ అదే పని.

మస్తాన్ మా రాయచోటి వాడు. ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు, ఆ ఇంటి యజమానురాలిని మామా అనేవాడు. శుక్రవారం సెలవు దొరికితే సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూచుని గాలం వేసేవాడు. దొరికింది నా దగ్గరికి తెచ్చి, చేపలు కొనుక్కునేవాళ్లను చూసి నవ్వేవాడు.

"అల్లా సముద్రం సుబ్బన్నా. బిల్లు రాదు."

వాడు మా రూములో వండే పులుసుకు మేమంతా వారం పొడుగూ ఎదురుచూసేవాళ్లం.

ఒక శుక్రవారం సంచి నిండా జెల్లలు తెచ్చినాడు. జెల్లకు వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు ముళ్లుంటాయి, రంపం మాదిరి. మేము కత్తి పెట్టకముందే కటింగ్ ప్లయర్‌తో వాటిని విరిచేస్తాం. వాడు గాలం నుంచి ఉత్త చేత్తో విడిపించినాడు. ముల్లు కుడి అరచేతిలో దిగింది. మా రాయచోటి పక్క చెరువు జెల్ల పొడిస్తే చేసినట్టే, సున్నం పట్టించుకుని వచ్చినాడు.

కడిగెయ్, వేడినీళ్లలో పెట్టి నేరుగా క్లినిక్‌కి పో అని చెప్పినా.

"నొప్పే లేదన్నా. రేపు మామాను పెండ్లికి తీసుకపోవాల. చేతికి కట్టు చూస్తే బండి తాళాలు ఇంకొకనికి ఇస్తారు."

నొప్పి లేకపోవడమే చెడ్డది. వాడికి ఏండ్లనాటి షుగరు. స్పర్శ పోయి, తన చెయ్యి సంగతి తనకే తెలియని స్థితి. ఆ పూట పులుసు బాగా కుదిరింది. మేము చేత్తో తిన్నాం, వాడు స్పూనుతో తిన్నాడు.

నాలుగు రోజులకు చెయ్యి నల్లబడింది. ఆసుపత్రిలో మూడు వేళ్లు తీసేసినారు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చెడ్డోడేం కాదు. ఊరికి టికెట్టు కొనిచ్చి, ఖలాస్ అన్నాడు. మామా ఏడ్చిందంట. అప్పటికే కొత్త డ్రైవరు వచ్చేసినాడు.

పోయేముందు మస్తాన్ నా కౌంటర్‌కు వచ్చినాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. ఎడమచేత్తో సంచి బల్ల మీద పెట్టినాడు.

"ఈసారి కొన్నా సుబ్బన్నా. రూములో నువ్వే వండు."

నేను కత్తి తీసుకున్నా. చేప శుభ్రం చేసి, రూముకు తీసుకపోయేదానికి పక్కన పెట్టినా.

గాలం వేసుకుని తినేవాళ్లు ఇంకా వస్తానే ఉన్నారు, ఊరికే వచ్చింది అంటారు. సంచి విప్పకముందు వాళ్ల చేతులు చూపించమంటా. ముసలోడికి పిచ్చి అని తిట్టుకుంటారు. తిట్టుకోనీ.