అమ్మకు నేను తెలుగులో చెప్పిన కథ

నా చిన్నప్పుడు మిషిగన్‌లోని నోవైలో మా ఇంటి చుట్టుపక్కల తెలుగువాళ్లెవరూ ఉండేవారు కాదు. నాన్న ఆసుపత్రిలో డాక్టరు. అమ్మకు ఇంగ్లీషు అంతంత మాత్రం. పక్కింట్లో ఒంటరిగా ఉండే అమెరికన్ ముసలావిడే మాకున్న ఒకే ఒక్క ఆసరా. ఆవిడను నేను మామ్మ అని పిలిచేదాన్ని. ఆవిడ మాటలు అమ్మకు తెలుగులోనూ, అమ్మ మాటలు ఆవిడకు ఇంగ్లీషులోనూ చెప్పడం రెండో తరగతి చదువుతున్న నా పని. అప్పుడు నేనే మా ఇంటికి పెద్దదాన్నన్నంత గర్వంగా ఉండేది.

ఆ ఏడు చలికాలం మొదట్లో బంగ్లాదేశ్ కోసం ఇండియాకీ పాకిస్తాన్‌కీ యుద్ధం వచ్చింది. సరిగ్గా అప్పుడే కాకినాడలో అమ్మమ్మకు ప్రాణం మీదికి వచ్చిందని కబురందింది. ఏ విమానం ఎప్పుడు కదులుతుందో, ఎక్కడ ఆపేస్తారో చెప్పగలిగేవాళ్లు లేరు. నాన్న ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి చివరికి లండన్ మీదుగా ఒక దారి దొరికించుకున్నారు. పాలు తాగే తమ్ముణ్ణి వదిలి అమ్మ వెళ్లే వీల్లేదు. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని అలాంటి ప్రయాణం చేసే వీలూ లేదు. కాబట్టి ఉండిపోవలసింది నేను. ఆ సంగతి అమ్మకూ నాన్నకూ తెలుసు, నన్ను చూసుకోవడానికి ఒప్పుకున్న మామ్మకూ తెలుసు. నాకు మాత్రం చెప్పలేదు. స్టోర్‌కి వెళ్తున్నామని నాతో చెప్పి బయలుదేరిపోవాలని వాళ్లు అనుకున్నారట.

ముందురోజు మధ్యాహ్నం మామ్మ వచ్చి మా వంటింట్లో కూర్చుంది.

"మీ అమ్మకి ఒక కథ చెప్పాలి. ఏమీ వదలకుండా తెలుగులో చెప్పు," అంది నాతో.

అది మామ్మ వాళ్ల అమ్మమ్మ కథ. అప్పటికి వందేళ్ల కిందట, అమెరికాలో ఉత్తరాదివాళ్లూ దక్షిణాదివాళ్లూ కొట్టుకు చస్తున్న కాలం. యుద్ధానికి వెళ్లిన భర్త టెనెసీలో గాయపడి ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి, ఎలాగైనా ఆయన దగ్గరికి వెళ్లాలని ఆవిడ పట్టుబట్టింది. రైళ్లన్నీ సైన్యానికే సరిపోయేవి. స్టీమరు ఎక్కాలన్నా సైన్యాధికారి అనుమతి ఉండాలి. ఊళ్లో పాస్టరు గారిని బతిమాలి వెంట తీసుకెళ్లి, అధికారుల గుమ్మాల ముందు పడిగాపులు కాసింది. ఆఖరికి ఆవిడకీ చంటిబిడ్డకీ మాత్రం అనుమతిచ్చారు. అయిదేళ్ల పెద్దపిల్లకు లేదు. ఆ పిల్లను చెల్లెలి ఇంట్లో దింపి, పిండిమరకి వెళ్లి వస్తాననీ, ఈలోగా బఠానీలు ఒలిచి పెట్టమనీ చెప్పి వెళ్లిపోయింది.

పిల్ల బఠానీలన్నీ ఒలిచి, గిన్నె ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. చీకటి పడ్డాక పిన్ని లోపలికి ఎత్తుకుపోవలసి వచ్చింది. యుద్ధంలో దారులు మూసుకుపోయి, తల్లి తిరిగి వచ్చేసరికి ఏడాది దాటింది. చేతులు చాచి పిలిస్తే పిల్ల పిన్ని వెనక్కి పోయి దాక్కుంది.

"ఆ పిల్లే మా అమ్మ," అంది మామ్మ. "ముసలిదయ్యాక కూడా, నేను బయటికి బయల్దేరితే నా బూట్లు దాచేసేది."

ఇదంతా నేను చేతులు తిప్పుతూ హుషారుగా అమ్మకు చెప్పాను. బూట్ల సంగతి దగ్గర నవ్వాను కూడా. అమ్మ నా వైపు చూడలేదు.

"ఆవిడకి ఇంకొంచెం కాఫీ కావాలేమో అడుగు," అంది.

"కాఫీ వద్దు. కథ అర్థమైందా అని అడుగు," అంది మామ్మ.

అడిగాను. "అర్థమైందని చెప్పు," అంది అమ్మ.

మర్నాడు నన్ను మామ్మ ఇంట్లో దింపారు. "స్టోర్‌కెళ్లి వచ్చేస్తాం, అల్లరి చేయకు," అని అమ్మ నా జడ సరిచేసింది. నేను గుమ్మంలోంచి చెయ్యి ఊపాను. కారు మలుపు తిరిగాక మామ్మ నా ఎదురుగా కూర్చుంది.

"వాళ్లు స్టోర్‌కి వెళ్లలేదు. మీ అమ్మ ఇండియా వెళ్తోంది. నాన్న సాయంత్రం వస్తారు. నీకు ఇంకోలా చెప్పమన్నారు. నేను చెప్పను."

నువ్వే అబద్ధం చెప్తున్నావని అరిచాను. రెండు చేతులతో ఆవిడను కొట్టాను. ఆవిడ అడ్డుకోలేదు.

"కోపమంతా నా మీద పెట్టుకో. నేను ఇక్కడే ఉంటాను," అంది.

ఆ చలికాలమంతా నేను ఆవిడతో సరిగా మాట్లాడలేదు. నాకు నిజం చెప్పింది ఆవిడ ఒక్కతే. నేను ద్వేషించిందీ ఆవిడనే.

అమ్మ వెళ్లేసరికే అమ్మమ్మ పోయింది. మంచు కరిగాక అమ్మ తిరిగివచ్చింది. నాకు అబద్ధం చెప్పి వెళ్లిన సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు పెళ్లయ్యాక ఒకసారి ఉండబట్టలేక, ఎందుకలా చేశావని అమ్మను అడిగాను.

"నువ్వు ఏడిస్తే నేను కదల్లేకపోయేదాన్నే," అంది.

"మరి ఆవిడ చెప్పిన కథ విన్నావుగా?"

"అది విన్నాకే ఇంకా భయమేసింది."

తెలియక చేయలేదన్నమాట. బాగా తెలిసే, నా ఏడుపు తను చూడకుండా తప్పించుకుంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అమ్మా లేదు, మామ్మా లేదు. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు నేను పని మీద ఊరెళ్లవలసి వస్తే, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేదాన్ని. కోటు పట్టుకుని వేలాడేవాళ్లు. వాళ్ల ఏడుపు వింటూనే ఒక్కొక్క వేలూ విడదీసుకుని వెళ్లేదాన్ని. అంత గట్టిదనం మామ్మ దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఈ వయసులోనూ, మా ఇంట్లో ఎవరైనా ఇప్పుడే వస్తానంటే నేను తలూపుతానే తప్ప, వాళ్లు మళ్లీ కళ్లబడేదాకా ఆ మాట నమ్మను.