నాలుగు గంటల గడి

మొన్న మంగళవారం మధ్యాహ్నం మూడింటికీ నాలుగింటికీ మధ్య మా పక్కింటి మావయ్య చనిపోయారు. భిలాయి-3లో, తన మేడమీది రేకుల గదిలో. ఆయన అక్కడ ఉన్నది నా పుస్తకం కోసం.

ఏటేటా ముదురుతున్న ఎండలో, రేకుల కింద బతికే కుటుంబాల గురించి రాశాను. మొదటి అధ్యాయం చదివి వినిపిస్తే, "గది కొలిమిలా ఉంది" అన్నచోట ఆపేశారు.

"కొలిమి నువ్వెప్పుడు సూసావురా? ఎంతుందో సెప్పు."

ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. నా వార్తలన్నీ పెన్సిల్ పట్టుకుని చదివేవారు, విశేషణం కనబడితే కొట్టేసేవారు. నాకు రాయడం వచ్చింది ఆ గీతల వల్లే.

మర్నాడే గోడకు థర్మామీటర్ తగిలించి, కాగితం మీద గళ్లు గీశారు. గంటకో గడి. నెహ్రూ నగర్‌లో కూతురింట్లో ఉన్న అత్తయ్య, కూలర్ ఉంది రమ్మని ఫోన్ చేసింది.

"డ్యూటీలో ఉన్నానే. ప్లాంటులో షిఫ్టయితే గేటు దాటి బయటికొచ్చీవోళ్లం. ఈ ఎండకి గేటెక్కడుందే?" అని నవ్వారు.

ఓవెన్ల మీదికి ఆయన ఎప్పుడూ ఒంటరిగా ఎక్కలేదట. ఇద్దరు వెళ్లేవారు, ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. "సెమట ఆగిందంటే జోడీగాణ్ణి దింపియ్యాల. ఆడు తిట్టినా దింపియ్యాల."

ఈసారి జోడీ నేను. వార్తల పనిమీద ఎక్కడున్నా గంటగంటకూ ఫోన్ చేయాలి. ఆయన అంకె చెప్పాలి, నేను గొంతు వినాలి.

మంగళవారం మూడింటికి, "నలభై నాలుగు... ఏటడిగావు? నలభై నాలుగు" అన్నారు. నేనింకా ఏమీ అడగలేదు. అంకె రాసుకున్నాను. గొంతు వినలేదు.

నాలుగింటికి రాయ్‌పూర్‌లో ఒక ఏసీ హాల్లో, ఎండ బాధితుల గురించి మాట్లాడుతున్నాను. నా ఫోన్ ఆపేసి ఉంది.

గుండె ఆగి మరణం అని ఆసుపత్రి కాగితంలో రాశారు. ఎండ మాట లేదు. అబద్ధమని అనలేం, ఎవరి గుండయినా చివరికి ఆగుతుంది.

అత్తయ్య ఏడవలేదు. "నీ కథకి ఆయన్ని పైకెక్కించావు. దింపడానికి రాలేదేటి బాబూ?" అంది.

నిన్న ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "పట్టికలో నాలుగు గంటల గడి ఖాళీగా ఉంది సార్. అందాజుగా ఏదైనా వేసేద్దామా?"

వద్దన్నాను. సోమవారం ఉదయం ఆ పేజీ అలాగే అచ్చుకు వెళ్తుంది.