బెంచీ కాలు మీది రాజముద్ర

1948 చివర్లో నేను లాలాగూడ పక్కన ఒక చిన్న ఫౌండ్రీలో ప్యాటర్న్ మేకర్‌గా పనిచేసేవాణ్ణి. ఈ పని ఏమిటో చాలామందికి తెలియదు. ఏ ఇనుప వస్తువునైనా పోత పోసే ముందు అచ్చంగా అలాంటిదే చెక్కలో చెయ్యాలి. అదే ప్యాటర్న్. దాన్ని ఇసుకలో అదిమి తీసేసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చెక్కలో చేసిన తప్పు ఇనుములోకి దిగిపోతుంది.

మా షాపులో పెద్ద పనివాడు ఖాసిం సాయిబు, నాకు పని నేర్పిన ఉస్తాద్. సర్కారు తోటల కోసం మేము పోసే బెంచీల కాళ్ళన్నీ ఆయన చెక్కిన ప్యాటర్న్ నుంచి వచ్చినవే. కాలు వంపు తిరిగి పలకను అందుకునే చోట నిజాం రాజముద్ర ఉబ్బెత్తుగా ఉండేది. అది ఉత్త సింగారమనుకునేవాణ్ణి.

పోలీస్ యాక్షన్ అయిన కొన్ని వారాలకే యజమాని షాపులోకి వచ్చాడు. "ఆ ముద్ర ఇయ్యాలనే తీసెయ్యాలె. కొత్త సర్కారు కింద గది నడుస్తదా?"

"తీస్తా సేట్. జెర నాలుగు రోజులు టైం ఇయ్యుండ్రి," అన్నాడు ఉస్తాద్. "ముద్ర తీస్తే ఆడ బలం పోతది. కాలు మొత్తం మళ్ల చెయ్యాలె."

యజమాని నా వంక చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముసలాయనకు పోయిన రాజ్యం మీద మమకారం చావక సాకులు చెబుతున్నాడని ఇద్దరం అనుకున్నాం. ఆ రోజుల్లో సాయిబులు ఏం మాట్లాడినా చాలామంది అలాగే వినేవారు. ఉస్తాద్ మల్కాజ్‌గిరి నుంచి తల వంచుకుని వచ్చి, తల వంచుకునే వెళ్ళేవాడు.

"దానియేలూ, నువ్వు తియ్యి," అన్నాడు యజమాని. అరగంటలో చెక్క ప్యాటర్న్ మీది ముద్రను ఉలితో లేపేసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాను.

మా షాపులో ఒక పద్ధతి ఉండేది. కొత్త ప్యాటర్న్‌తో వచ్చిన మొదటి బెంచీ మీద దాన్ని చేసినవాడే ముందు కూర్చోవాలి. బెంచీ బిగించాక నేను కూర్చోబోతుంటే ఉస్తాద్ నా భుజం పట్టుకుని ఆపాడు.

"నువ్వు జరుగు బేటా. నేను కూసుంట."

"ముద్ర తీసింది నేను కదా ఉస్తాద్?"

"నీకు పని నేర్పింది నేనే గద," అంటూ కూర్చున్నాడు.

ఆయన వెనక్కి వాలగానే కాలు విరిగింది, సరిగ్గా ముద్ర ఉన్న చోటే. ఆయన కుడిచెయ్యి ఇనుము కింద పడి నలిగిపోయింది. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ఆయన ఇక ఉలి పట్టలేదు.

చూడటానికి వాళ్ళింటికి వెళ్ళి, ఆయన ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఎడమచేత్తో చాయ్ అందించాడు. "ఆడ మందం గావాలె బేటా. ముద్ర వద్దంటే ఆకు చెక్కు, పువ్వు చెక్కు. మందం మాత్రం తియ్యకు," అన్నాడు. తన చెయ్యి ఊసే ఎత్తలేదు.

ఆకు చెక్కాను. ఆ కాళ్ళు మళ్ళీ విరగలేదు. తర్వాత నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఒకటే చెప్పాను: ఏ ముక్కనైనా తీసేముందు, అది ఎందుకు పెట్టారో పెట్టినవాణ్ణి అడగండి. నాకైతే అడిగే పని కూడా పడలేదు, ఉస్తాద్ తానే చెప్పాడు. ఆయన ఇనుము గురించి చెబుతుంటే, నేను ఆయన మతాన్ని విన్నాను.