పడవ లాగని బండి

రెక్స్ కొన్న కొత్త పికప్‌ని మెర్విన్ మొదటిసారి చూసింది ఒక శనివారం పొద్దున, తన గేటు దగ్గర. చూడగానే కుళ్ళిన చేప వాసన తగిలినవాడిలా మొహం పెట్టాడు.

బండి నీలంగా ఉంది. మామూలు నీలమైతే సహించేవాడేమో, ఇది ఆడపిల్లలు గోళ్ళకు వేసుకునే మెరుపు నీలం. లోపల తోలు సీట్లు, ముందర టీవీ అంత తెర. వెనక తొట్టి మరీ పొట్టి, అందులో గొర్రెను పడుకోబెడితే కాళ్ళు బయటికి వేలాడతాయి.

"ఎలా ఉంది బావా?" అన్నాడు రెక్స్ కిటికీ అద్దం దించి.

"నీ పాత బండేదీ?"

"అదిచ్చేసి ఇది తెచ్చా. నోలాకి నడుం నొప్పి కదా, పాతదాంట్లో కూర్చోలేకపోతోంది."

నోలా మెర్విన్‌కి చెల్లెలు, రెక్స్‌కి భార్య. చెల్లెలి నడుం గురించి ఒక్క మాటైనా అడగకుండా మెర్విన్ బండి వెనక్కి వెళ్ళి వంగి చూశాడు.

"ట్రైలర్ తగిలించే కొక్కెం ఎక్కడ తగలడింది?"

"అది విడిగా పెట్టించుకోవాలంట."

"పెట్టిస్తే ఎంత లాగుద్ది?"

"టన్నున్నర అన్నట్టు గుర్తు."

"నా పడవా ట్రైలరూ కలిపి రెండున్నర టన్నులు."

"అవునా?" అన్నాడు రెక్స్. స్టీరింగు మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు. "అయ్యో, ఆ సంగతి చూసుకోలేదు బావా."

మెర్విన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మనిషి బతుకంతా వ్యవసాయ యంత్రాల విడిభాగాలు అమ్మినవాడు. రైతు వచ్చి బోల్టు కావాలంటే దేనికి, ఎంత మందం, మర ఎటు తిరగాలి అని అన్నీ అడిగి గాని చేతికిచ్చేవాడు కాదు. అలాంటివాడు పడవ లాగని బండి కొనుక్కొచ్చి చూసుకోలేదంటున్నాడు.

ఇక్కడ మెర్విన్ సంగతి కొంచెం చెప్పాలి. దక్షిణ ఆస్ట్రేలియాలో టంబీ బే అనే ఊరి కౌన్సిల్లో గ్రేడర్ యంత్రం నడిపి రిటైరైన మనిషి. చుట్టుపక్కల మట్టిరోడ్లన్నీ చదును చేశాడు గాని తన నుదుటి మడతలు మాత్రం చదును చేసుకోలేదు. ఆయనకు నచ్చినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, నచ్చనివి చెప్పడం మొదలుపెడితే పొద్దుగూకుతుంది. బేకరీలో కొత్తావిడ చేసే, మాంసం కూరిన 'పై' రొట్టె తింటే జిగురు తిన్నట్టుంటుందన్నాడు. వేసవిలో అడిలైడ్ నుంచి దిగే జనాన్ని చూస్తే కంపరం. ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళ జుట్టు చూస్తే వాంతి వస్తుందట. పెళ్ళి చేసుకోలేదు. ఒకామె నవ్వు నచ్చలేదు, ఇంకొకామె నవ్వకపోవడం నచ్చలేదు.

సముద్రాన్ని మాత్రం ఏమీ అనేవాడు కాదు. వారానికోసారి పడవేసుకుని వైటింగ్ అనే చేపలు పట్టడానికి వెళ్ళకపోతే మనిషి మనిషిలా ఉండడు. పడవ ఆయనది, దాన్ని సముద్రం దాకా లాగే బండి రెక్స్‌ది. నోలా పెళ్ళైనప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. రెక్స్ బండి లేకపోతే మెర్విన్ పడవ పెరట్లో మొక్కల తొట్టికి కూడా పనికిరాదు, మెర్విన్ పడవ లేకపోతే రెక్స్‌కి సముద్రం లేదు. ముప్ఫై ఏళ్ళు ఆ శనివారాలు అలాగే నడిచాయి, ఎవరూ వాటికి స్నేహం అని పేరు పెట్టలేదు.

"సర్లే," అన్నాడు మెర్విన్ చివరికి. "నీ తెలివి ఇలా ఏడిసింది కాబట్టి బండి నేనే కొంటా. కాస్త పడవ లాగేది. వచ్చే వారం కాకపోతే పై వారం, మళ్ళీ ఎప్పట్లాగే పోదాం."

రెక్స్ మొహం వాడిపోయింది. సిగ్గుపడ్డాడనుకున్నాడు మెర్విన్. పడాల్సిందే అనుకున్నాడు కూడా.

ఆ సాయంత్రం నోలా ఇంట్లో మటన్ రోస్టు. మెర్విన్ రోస్టుకి వంక పెట్టాడు, పుదీనా చట్నీకి వంక పెట్టాడు, ఆ తరవాత బండి మీద పడ్డాడు. రెక్స్ పళ్ళెంలోంచి తలెత్తలేదు.

"ఇప్పుడు నువ్వు బండి కొనడం దేనికన్నయ్యా?" అంది నోలా. "జెట్టీ వంతెన మీద కూర్చుని చేపలు పట్టుకోండి ఇద్దరూ. హాయిగా ఉంటుంది."

"జెట్టీ మీదా?" మెర్విన్ ఫోర్కు కింద పెట్టాడు. "చంటిపిల్లలూ, పళ్ళూడిన ముసలాళ్ళూ కూర్చుంటారక్కడ. ఐస్‌క్రీం నాకుతా, బుడ్డ చేపల్ని పట్టుకుని ఫొటోలు దిగుతా. ఛీ, నేను జెట్టీ మీద కూర్చున్న రోజున నన్ను పూడ్చిపెట్టండి."

సోమవారం తన డొక్కు కారేసుకుని పోర్ట్ లింకన్ పట్నం వెళ్ళాడు, బండి చూడడానికి. అక్కడ ఆయన పడిన రోత అంతా ఇంతా కాదు.

మొదటి షాపులో నిలబెట్టిన అమెరికా బండి ఇల్లంత ఉంది. ఎక్కడానికి మెట్టు, ఆ మెట్టు ఎక్కడానికి పట్టుకునే కమ్మీ. దీన్ని ఎక్కడ ఆపుకుంటారయ్యా అంటే, చాలామంది ఇంటి బయటే ఆపుకుంటారండీ, గరాజులో పట్టదు అన్నాడు అమ్మేవాడు గర్వంగా. రెండో షాపు బండి మూడున్నర టన్నులు లాగుతుందని అద్దం మీద చెయ్యంత అక్షరాలు. గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, మూడున్నర టన్నులు తగిలిస్తే బండిలో ఇద్దరు మనుషులు, వాళ్ళ మధ్యాహ్నం రొట్టె తప్ప ఇంకేమీ పెట్టకూడదట.

"మరి ఐసుపెట్టె ఎక్కడ పెట్టుకోను, నెత్తి మీదా?"

"అంటే సార్, ఆ అంకె పూర్తి సామర్థ్యం అన్నమాట."

"అబద్ధం అన్నమాట," అని బయటికొచ్చేశాడు.

మూడో చోట ఒక బండికి, నీళ్ళలో దిగినా ఇంజను ఊపిరి పీల్చుకునేందుకు పైకి గొట్టం ఉంది. బండి ఒంటి నిండా మట్టి చిందినట్టు కనపడే స్టిక్కర్లు. నిజం మట్టి కూడా కాదు, ముద్రించిన మట్టి. మెర్విన్ దాన్ని గోటితో గీకి చూసి, ఆ గోటిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. బతుకంతా మట్టిరోడ్ల మీద పనిచేసినవాడికి అంతకంటే అవమానం ఏముంటుంది.

చివరి షాపులో వెనకాల, చెత్తబుట్టల పక్కన దొరికింది. తెల్ల రంగు, ఇనుప తొట్టి, డీజిల్ ఇంజను, కింద రబ్బరు చాప. పడవా పెట్రోలూ ఐసుపెట్టే ఇద్దరు మనుషులూ అన్నీ వేసుకున్నా ఇంకా మిగులు సామర్థ్యం ఉంది. మెర్విన్ చుట్టూ తిరిగాడు, కిందికి దూరి చూశాడు, తలుపులు విసిరి వేసి చూశాడు. వంక దొరకలేదు. మనసుకి కాస్త ఇబ్బందిగా కూడా అనిపించింది.

అమ్మే కుర్రవాడు, కోరీ అని, పక్కనే నిలబడ్డాడు. "మీది టంబీ బేనా అంకుల్? మీ ఊరాయనకే పోయిన వారం ఒక బండి అమ్మాను. నీలంది."

"ఆ ఛండాలం నువ్వే అమ్మావా?"

కోరీ నవ్వాడు. "నా తప్పేం లేదండీ, ఆయన కోరి తీసుకున్నాడు. చాలా చిత్రమైన బేరం అది. ఎవరొచ్చినా ఎక్కువ లాగేది చూపించమంటారు. ఈయన రెండున్నర టన్నుల పడవ ఉంది, దాన్ని లాగలేనిది చూపించు అన్నాడు. ముందు కాస్త చిన్నది ఒకటి చూపిస్తే, అది కిందామీదా పడి లాగేస్తుందేమో, వద్దన్నాడు. ఎవరైనా మొహమాటపెట్టినా సరే లాగకూడదు అన్నాడు. చివరికి ఆ నీలం దానికి స్థిరపడ్డాడు."

మెర్విన్ చెయ్యి బండి తలుపు మీదే ఉండిపోయింది. "ఎందుకంట?"

"నేనూ అడిగా. ఆ పడవలో ఒక రేడియో ఉందబ్బాయ్, ముప్ఫై ఏళ్ళుగా తిడతానే ఉంది, ఆపే మీట లేదు అన్నాడు. భలే మనిషిలెండి."

మెర్విన్ పడవలో పాడే రేడియో లేదు. ఆపదలో సాయానికి పిలిచేది ఒకటుంది, దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ మాట ఎవరి గురించో తెలియడానికి ఆయనకి ఎక్కువసేపు పట్టలేదు.

బండి సంగతి తరవాత చెప్తానని బయటపడ్డాడు. ఇంటిదారిలో సగం దూరం రెక్స్‌ని తిట్టాడు. పిరికి సన్నాసి. నేను రాను అని నోటితో చెప్పడానికి దమ్ము లేక, ఉన్న మంచి బండి అమ్ముకుని గోళ్ళ రంగు బండి కొనుక్కున్నాడు. ఇంత మోసం చేసి, నా చెల్లెలి నడుం అడ్డం పెట్టుకున్నాడు. తూ.

మిగతా సగం దూరం తిట్లు సరిగ్గా రాలేదు. పడవలో తను అన్న మాటలు గుర్తొచ్చాయి. ముడి వెయ్యడం రాదా, ఈ వయసొచ్చింది. ఎర అలాగేనా గుచ్చేది. అంత గట్టిగా నములుతావేం, చేపలు బెదురుతాయి. ఒడ్డు కనపడని చోట, నాలుగు బారల పడవలో, ఎదురుగా కూర్చున్న మనిషికి వారం వారం ఇదే. లేచి పోదామన్నా చోటు లేదు.

అన్నిటికంటే ఒకటి బాగా గుచ్చుకుంది. నిరుడు చలికాలంలో రెక్స్ వాళ్ళన్న పోయాడు. అంత్యక్రియలై వచ్చిన వారమే ఇద్దరూ పడవలో వెళ్ళారు. చాలాసేపు నీళ్ళకేసి చూసి, "చిన్నప్పుడు మా అన్నా నేనూ ఇక్కడికే..." అని రెక్స్ ఏదో మొదలుపెట్టాడు. లంగరు తాడు అలా కుప్పేస్తే ఎవడు విప్పుతాడు, నీ బాబా అన్నాడు మెర్విన్. రెక్స్ లేచి తాడు సర్ది మళ్ళీ కూర్చున్నాడు. ఆ మాట ఆ తరవాత ఎప్పుడూ ఎత్తలేదు.

మెర్విన్ కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. లోకంలో దేన్ని చూసినా రోత పడే మనిషికి ఇన్నాళ్ళకి తన మీద తనకి రోత పుట్టింది. అద్దంలో తన మొహం కనపడితే అద్దాన్ని పక్కకి తిప్పేశాడు.

శనివారం జెట్టీ మీదికి వెళ్ళాడు. వెళ్ళే దారిలోనే ఒళ్ళు జలదరించింది. చెక్కల మీద కటిల్ చేపలు చిమ్మిన సిరా మరకలు, సీగల్ పక్షుల రెట్టలు, ఎవరో పిల్లవాడు జార్చేసిన ఐస్‌క్రీం కరిగి చీమలు పట్టి ఉంది. చివర బోర్లించిన బకెట్టు మీద రెక్స్ కూర్చుని ఉన్నాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పడవలో రెక్స్ ఎప్పుడూ పాడగా మెర్విన్ వినలేదు.

అడుగుల చప్పుడు విని రెక్స్ తల తిప్పాడు. రాగం ఆగిపోయింది.

"బండి దొరికిందా బావా?" అన్నాడు. గొంతులో భయం దాచుకోవడం చేతకాలేదు.

మెర్విన్ తను తెచ్చుకున్న బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. "దొరకలేదు. ఊరంతా తిరిగా. మన పడవని లాగేది ఒక్కటీ లేదు."

సరిగ్గా అప్పుడే ఎదుట పడవలు దింపే ర్యాంపు మీదికి ఒకడు వచ్చాడు. తెల్ల పికప్పు, ఇనుప తొట్టి, వెనక మెర్విన్ పడవకి ఒకటిన్నర రెట్లు ఉన్న పడవ. వెన్నలో కత్తి దిగినట్టు వెనక్కి తీసుకెళ్ళి నీళ్ళలో దింపేశాడు. ఇద్దరూ మొత్తం చూశారు. బండి తిరిగి పైకెక్కి వెళ్ళిపోయేదాకా చూపు తిప్పలేదు.

"ఈ కాలం బళ్ళు అంతే," అన్నాడు రెక్స్ చివరికి. "దేనికీ పనికిరావు."

"అన్నీ పనికిమాలినవే," అన్నాడు మెర్విన్. "పడవ అమ్మేద్దామనుకుంటున్నా."

రెక్స్ ఆయన మొహంలోకి చూశాడు. మెర్విన్‌కి అంతా తెలిసిపోయిందని రెక్స్‌కీ తెలిసిపోయింది. ఆ మాట ఎత్తకుండా ఆల్చిప్ప మాంసం ముక్క తీసి గాలానికి గుచ్చాడు. మెత్తటి చివర గుచ్చాడు, ఎప్పట్లాగే. ఒక్క కెరటం తగిలితే జారిపోయేలా ఉంది. మెర్విన్ పెదవులు వాటంతటవే విడివడ్డాయి, మళ్ళీ మూసుకున్నాయి.

"అను బావా, పర్లేదు," అన్నాడు రెక్స్ గాలం విసురుతూ. "ఇక్కడైతే నచ్చకపోతే లేచి ఇంటికెళ్ళిపోగలను."

ఐస్‌క్రీం మీది చీమలు మెర్విన్ బూటు దగ్గరికి వచ్చాయి. కాలు వెనక్కి లాక్కున్నాడు.

"మీ అన్న సంగతి ఏదో చెప్పబోయావు ఆ రోజు," అన్నాడు కాసేపటికి.

"ఏ రోజు?"

"లంగరు తాడు రోజు."

రెక్స్ మెల్లగా మొదలుపెట్టాడు. చిన్నప్పుడు అన్నా తనూ నాన్నకి చెప్పకుండా తెప్ప కట్టడం, దానికి కోళ్ళ గూడు తలుపు పీకడం, కోళ్ళన్నీ ఊరి మీద పడడం. చెబుతూ ఒకసారి నవ్వాడు, ఒకసారి ముక్కు చీదుకున్నాడు. ఈలోగా ఎర జారిపోయింది. ఖాళీ గాలం పట్టుకుని కథ చెబుతున్నాడు, ఆ సంగతే ఎరగడు. మెర్విన్‌కి కనపడుతూనే ఉంది. ఒళ్ళంతా చీదర పుట్టింది, నాలుక చివర మాట సిద్ధంగా ఉంది.

"ఊ, కోళ్ళేమయ్యాయి?" అన్నాడు.