షెడ్డు మామ ఇచ్చిన చిన్న జెట్టు

నా చిన్నప్పుడు సికింద్రాబాదు పద్మారావు నగర్‌లో మా వీధి మొత్తానికి కారున్న ఇల్లు మాదొక్కటే. ఒక ముసలి డాక్టరుగారు వాడి వాడి అమ్మేసిన కారు అది. అయినా నాన్న దాన్ని చూసుకుని మురిసిపోయేవారు. ఆయన మిషన్ బడిలో సైన్సు మాస్టారు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మాకు చర్చిలో కాస్త గౌరవం ఉండేదంటే అది సగం ఆయన చదువు వల్ల, సగం ఆ కారు వల్ల.

కారు ప్రాణం మాత్రం వీధి చివర రేకుల షెడ్డులో పనిచేసే మెకానిక్ చేతిలో ఉండేది. పిల్లలమంతా ఆయన్ని షెడ్డు మామ అనేవాళ్ళం. చదువుకోలేదు కానీ చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేవాడు. నాన్న ఆయన పనిని మెచ్చుకునేవారు. అయితే ఆ మెచ్చుకోలులో, నీలాంటివాడికి ఇంత పని ఎలా వచ్చిందన్న ఆశ్చర్యం ఒకటి కలిసి ఉండేది. నాకప్పుడు పదకొండేళ్ళు, అది తెలిసే వయసు కాదు.

ఆ వేసవిలో కూనూరు కొండల్లో జరిగే క్రైస్తవ సభల్లో మాట్లాడమని నాన్నకు పిలుపు వచ్చింది. రైలెక్కితే హాయిగా పోయేవాళ్ళం. కారులోనే వెళ్ళాలన్నారు నాన్న. బయల్దేరే ముందు రోజు షెడ్డు మామ, ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి పంపే కార్బురేటర్ విప్పి, శుభ్రం చేసి బిగించాడు. తర్వాత ఒక కాగితం పొట్లం తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. అందులో చిన్న ఇత్తడి ముక్క, దాని మధ్యలో సన్నటి బెజ్జం. ఇంజనుకు పోయే పెట్రోలు ఆ బెజ్జంలోంచే పోతుంది. దాన్ని జెట్టు అంటారు. బెజ్జం ఎంత సన్నగా ఉంటే పెట్రోలు అంత తక్కువ పోతుంది.

"కొండ మీద గాలి పల్చగుంటది సార్. పెట్రోలేమో గంతే పోతది. నల్ల పొగ షురూ అయితది. పైకి పోంగనే ఈ చిన్న జెట్టు ఏపిచ్చుండ్రి. దిగినంక మల్ల పాతదే ఎయ్యాలె," అన్నాడు.

నాన్న నవ్వారు. గాలి పీడనం పాఠం పిల్లలకు చెప్పేది తానేనని గుర్తుచేసి, పొట్లాన్ని స్టీరింగు పక్కనున్న అరలో పడేశారు. నేను పక్కనే నిలబడి అంతా విన్నాను.

మూడో రోజు ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి కారు దగ్గడం మొదలుపెట్టింది. వెనక నల్లటి పొగ, లోపల కళ్ళు మండేంత పెట్రోలు వాసన. పాఠం చెప్పే మనిషికి అప్పుడు పాఠం గుర్తురాలేదు. పెట్రోలు చాలడం లేదేమోనని చోక్ లాగారు. చోక్ లాగితే గాలి ఇంకా తగ్గిపోతుంది. ప్లగ్గులు మసిబారి కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. అమ్మ పరుగున వెళ్ళి రాయి తెచ్చి చక్రం కింద పెట్టింది. షెడ్డు మామ ఇచ్చిన పొట్లం ఉంది కదా అని నేనంటే, నోరు మూసుకుని కూర్చోమన్నారు నాన్న. రెండు గంటలకు ఆ కొండల్లో టాక్సీ నడిపే పెద్దాయన ఒకడు ఆగాడు. ప్లగ్గులు తుడిచి, చిన్న జెట్టు ఏమైనా ఉందా అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. నాన్న అర తెరిచి పొట్లం ఇచ్చారు. పెద్దాయన దాన్ని బిగించి, తీసిన పాతదాన్ని అదే అరలో పెట్టాడు. అరగంటలో కారు మామూలుగా కొండెక్కింది.

కానీ మేం చేరేసరికి నాన్న ప్రసంగం ఇంకెవరో చేసేశారు. ఆలస్యానికి కారణం అడిగిన పెద్దలతో, సికింద్రాబాదులో మెకానిక్ కార్బురేటర్ పాడుచేసి పంపాడని చెప్పారాయన. సిగ్గులో నోటికొచ్చిన మాట. అక్కడే ఆగిపోయి ఉంటే నేనీ సంగతి రాసేదాన్ని కాదు. ఆ పెద్దల్లో మా బడి మేనేజరుగారు కూడా ఉన్నారు.

అప్పుడే బడికి రెండు బస్సులు వచ్చాయి. వాటి మరమ్మతులు షెడ్డు మామకే ఇస్తామని మేనేజరుగారు అంతకుముందే అన్నారు. ఆ పని చేతికొస్తే రేకులు తీసేసి గోడలు కట్టుకుంటానని ఆయన వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. మేం తిరిగొచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక, మేనేజరుగారు ఆయన్ని చర్చి ఆవరణలోకి పిలిపించి, కారు ఎందుకు పాడుచేశావని అందరి ముందూ అడిగారు.

షెడ్డు మామ కంగారుపడలేదు. "చిన్న జెట్టు ఇచ్చి మరీ చెప్పిన సార్. పాప సుత ఆడ్నే ఉండె. అడుగుండ్రి," అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నేను నాన్న వైపు చూశాను. ఆయన నన్ను బెదిరించలేదు, కనుసైగైనా చేయలేదు. బైబిలు అట్ట మీద లేని దుమ్మును తుడుస్తూ నిలబడ్డారు, అంతే.

"నాకు గుర్తులేదండీ," అన్నాను.

బస్సుల పని ఇంకొకరికి పోయింది. ఆ సాయంత్రం నాన్న బేకరీ నుంచి నాకిష్టమైన బిస్కట్లు తెచ్చారు. ఎందుకు తెచ్చారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తిన్నాను. బాగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే షెడ్డు మామ పానాతో మా గేటు దగ్గర నిలబడ్డాడు. పోట్లాటకు వచ్చాడని అమ్మ హడలిపోయింది. ఆయన నేరుగా వెళ్ళి బానెట్ ఎత్తాడు. కొండ దిగాక కూడా చిన్న జెట్టుతోనే నడిపితే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కి పాడైపోతుంది. నాన్నకు ఆయన దగ్గరికి వెళ్ళే ముఖం లేక కారును అలాగే తిప్పుతున్నారు. వీధిలో పోతున్న కారు చప్పుడు వినగానే షెడ్డు మామకు సంగతి తెలిసిపోయింది. నాన్న గదిలోంచి బయటికి రాలేదు.

అరలో ఉన్న పాత జెట్టు బిగించి, తీసిన చిన్నదాన్ని షెడ్డు మామ నా అరచేతిలో పెట్టాడు.

"గుర్తులేదన్నవ్ గద బిడ్డా. మల్ల చెప్తున్న, ఇను. పైకి పోతే చిన్నది, దిగినంక పెద్దది. ఇగ మరువకు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను. ఆ ముక్క పట్టుకుని మేనేజరుగారింటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి నాకు పది నిమిషాల నడక. వెళ్ళలేదు. మూడు రోజులు జామెట్రీ పెట్టెలో దాచాను. నాలుగో రోజు, అప్పట్లో చెత్తతో నిండిపోయి ఉన్న బన్సీలాల్‌పేట్ మెట్లబావిలో విసిరేశాను.

ఏడాది తిరక్కుండా షెడ్డు మూతపడింది. షెడ్డు మామ బోయిన్‌పల్లిలో ఎవరి దగ్గరో కూలికి చేరాడని విన్నాం. మా కారు ఇంకో తొమ్మిదేళ్ళు నడిచింది. నాన్న పోయినప్పుడు చర్చిలో ఆయన నిజాయితీ గురించి చాలా బాగా మాట్లాడారు. కూతురిగా నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. నేనూ బాగానే మాట్లాడాను. ఆయనంటే నాకు ప్రేమ తగ్గలేదు. అదే నాకు మింగుడు పడని సంగతి.

తర్వాత ముప్పై ఏళ్ళు నేనూ టీచరుగా పనిచేశాను. తరగతిలో ఏదో గొడవ జరిగి, చూసినవాళ్ళను నిలబెట్టి అడిగినప్పుడల్లా ఎవరో ఒక పిల్ల తల వంచుకుని గుర్తులేదు టీచర్ అనేది. తోటి టీచర్లు సరేలెమ్మని వదిలేసేవారు. నేను మాత్రం ఒక్కసారి కూడా నమ్మలేదు. ఆ మాట బాగా గుర్తున్నవాళ్ళే అంటారు.