కాలువ గట్టు మీద నాగేంద్రమ్మ

గద్వాలలో చీరలు నేసే నాగేంద్రమ్మకు నడక అంటే ఇంటి నుంచి కూరగాయల మార్కెట్ దాకా, అక్కడి నుంచి మళ్ళీ ఇంటికి. పెళ్ళయి వచ్చిన ఏడాదే మగ్గం గుంటలోకి దిగింది. ఇప్పుడామెకు యాభై రెండు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా రెండు కాళ్ళూ కింది చెక్కలను తొక్కుతూనే ఉంటాయి. "ఈ కాళ్ళు తొక్కిన తొక్కుడుకు ఈపాటికి కాశీకి పోయి రావచ్చు. నేనేమో గుంటలనే ఉన్న" అని నవ్వేది.

ఆమె అక్క జానకమ్మను కృష్ణకు అవతలి ఒడ్డున నందిమల్లలో ఇచ్చారు. ఏడాదికి నాలుగైదుసార్లు నాగేంద్రమ్మ బస్సెక్కి అక్కను చూసి వస్తుంది. బస్సు ధరూర్ దాటాక కిటికీలోంచి జూరాల కాలువ గట్టు కనిపిస్తుంది. దాని మీద ఎర్రమట్టి కాలిబాట ఒకటి. అది కొంతదూరం రోడ్డుకు తోడుగా వచ్చి, ఉన్నట్టుండి ఒక గుట్ట వెనక్కి మళ్ళిపోతుంది. ఆ గుట్ట వెనక ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు. పక్క సీటువాళ్ళను అడిగితే "ఏముంటది, కాలువనే" అన్నారు. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు.

మొన్న డిసెంబరులో మగ్గం మీది పడుగు దారం అయిపోయింది. కొత్త పడుగు రావడానికి మూడు రోజులు పడుతుందన్నారు. ఆ సాయంత్రం అన్నం దగ్గర ఆమె భర్త తిరుపతయ్యతో చెప్పింది.

"రేపు అక్కోళ్ళింటికి పోత. నడుసుకుంట."

తిరుపతయ్య నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఏమన్న మొక్కుకున్నవా ఏంది?"

"లేదు."

"నా మీద కోపమొచ్చిందా?"

"నువ్వేం జేసినవని కోపం? ఊకెనే. నడవాలనిపిస్తుంది."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తిన్నాక అటక మీద వెతికి, కూతురు కావ్య కాలేజీకి వేసుకుపోయిన బూట్లు దించి దుమ్ము దులిపాడు. "చెప్పులేసుకొని పోతే తెగిపోతయి" అన్నాడు. ఆయనకు తెలిసిన ఒప్పుకోవడం అదే.

ఇంకా చీకటి ఉండగానే నాగేంద్రమ్మ బయలుదేరింది. చీర కుచ్చిళ్ళ కింద తెల్లబూట్లు. సంచిలో నాలుగు జొన్నరొట్టెలు, పల్లీల పొడి, నీళ్ళ సీసా. ఊరు దాటేసరికి తూర్పు తెల్లబడింది. చలిగాలి చెవులను తాకుతుంటే కొంగు తల మీదికి లాక్కుని, ఎవరో తరుముతున్నట్టు గబగబా నడిచింది. కాసేపటికి తనకే నవ్వొచ్చింది. తొందరేముంది?

అయితే ఈ రోజుల్లో రోడ్డు మీద ఒక మనిషిని ఒంటరిగా నడవనిచ్చేదెవరు? మొదట ఒక ఆటో ఆగింది.

"దా అక్కా, ఎక్కు. ధరూర్ దాక దింపుత."

"వద్దు తమ్మీ, నడుస్త."

"పైసలు వద్దులే అక్కా!"

"పైసలున్నయి. నడుస్తనే."

ఆటోవాడు అర్థంకాక తల గోక్కుంటూ పోయాడు. తర్వాత పాల క్యాన్ల బండి ఆగింది. ఆ వెనక స్కూటీ మీద ఒక టీచరమ్మ. ఆ తర్వాత ట్రాక్టరు. ప్రతివాళ్ళదీ ఒకే పరేషాన్. బస్సు తప్పిపోయిందా, దవాఖానకా, ఇంట్లో ఏమైనా గొడవా? ఊరికే నడుస్తున్నానంటే ఒక్కరూ నమ్మలేదు. టీచరమ్మ అయితే బండి దిగి, చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఏ కష్టమున్నా నాతో చెప్పు" అంది. నాగేంద్రమ్మ ఆమెకు ఒక రొట్టె ఇచ్చి పంపింది.

ధరూర్ చేరేసరికి ఫోను మోగింది. కొత్తకోటలో ఉండే కావ్య.

"అమ్మా! నాయిన నిన్నేమన్న అన్నడా? నువ్వు ఇల్లిడిసిపెట్టి ఏడ్సుకుంట పోతున్నవంట! మన వాడకట్టు మధు అన్న ట్రాక్టర్ మీంచి చూసి ఫోన్ జేసిండు."

"ఏడుస్తలేనే, చలికి ముక్కు కారుతుంది. నీ బూట్లు మంచిగున్నయి. పెట్టేయ్."

కాలువ గట్టు ఎక్కాక గానీ ఆమెకు ఊపిరాడలేదు. రోడ్డు మోత వెనకబడింది. ఒకవైపు నిండుగా పారే నీళ్ళు, మరోవైపు విచ్చిన పత్తి. బస్సు కిటికీలోంచి ఒక్క రెప్పపాటులో దాటిపోయే చేలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా వచ్చి, తీరిగ్గా కనబడి పోతున్నాయి.

ఒకచోట గట్టు పక్కనే పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. వాళ్ళలో పెద్దావిడ, చేను గల ఇందిరమ్మ, గట్టిగా అరిచింది. "ఒక్కదానివే యాడికమ్మా, గిట్ల నడుసుకుంట?"

పొద్దుటి నుంచి చెప్పిందే చెప్పి నాగేంద్రమ్మకు విసుగొచ్చింది. "మొక్కుందక్కా. కురుమూర్తి స్వామికి" అనేసింది.

ఆ మాటతో అందరి ముఖాలూ తేటపడ్డాయి. "జాతర అయిపాయె గదా?" అని ఒకామె అంటే, "జాతరల జనాల గర్ది ఎక్కువని ఇప్పుడు పోతున్న" అని ఇంకో అబద్ధం దానంతటదే వచ్చింది. ఒకామె మంచినీళ్ళిచ్చింది. ఇందిరమ్మ మాత్రం గుడిసెలోకి ఉరికి, పసుపు రాసిన కొబ్బరికాయతో వచ్చింది.

"నా కోడలి కాన్పు మంచిగైతే కొడ్తనని స్వామికి మొక్కుకున్న. మంచిగైంది, ఆడపిల్ల. జాతరకు పోదామంటే పత్తి అడ్డమొచ్చింది. నా పేరు చెప్పి నువ్వు కొట్టు తల్లీ, నీకు పుణ్యముంటది."

నాగేంద్రమ్మ కాదనలేదు. కాయను సంచిలో వేసుకుని నడిచింది.

బాట గుట్ట వెనక్కి మళ్ళింది. అక్కడ ఉన్నది చూసి ఆమె నిలబడిపోయింది. కాలువ నుంచి ఊటలు దిగి, రాళ్ళ మధ్య చిన్న మడుగు కట్టింది. మడుగు నిండా కలువలు. గుట్ట నీడ పడ్డ చోట నీళ్ళు నెమలికంఠం రంగులో ఉన్నాయి. చుట్టూ సీతాఫలం పొదలు. ఒక నీలిపిట్ట నీళ్ళలోకి దూకి, చేపతో పైకి లేచింది. ఏళ్ళ తరబడి దీనికి ఫర్లాంగు దూరం నుంచి బస్సులో పోయిందామె.

బూట్లు విప్పి, కాళ్ళు నీళ్ళలో పెట్టి, రొట్టె తీసింది. దానితోపాటు కొబ్బరికాయ బయటికి దొర్లింది. రొట్టెను మళ్ళీ సంచిలో పెట్టేసింది. ఎవరో మనుమరాలు పుట్టిన సంబరంతో ఇచ్చిన కాయ. తాను పోయేది అక్కింటికి. అటు చూసింది, ఇటు చూసింది. బూట్లు తొడుక్కుని వచ్చిన బాటనే వెనక్కి తిరిగింది. పోను రాను ఒక గంట.

ఇందిరమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని అంతా విన్నది.

"అంటే మొక్కు లేదా?"

"లేదక్కా. తప్పయింది."

"మొగనితోని కొట్లాట?"

"అది గూడ లేదు."

"మరి పనేం లేక, గింత దూరం ఊకెనే నడుస్తున్నవా?"

"ఊకెనే."

ఇందిరమ్మ నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక గట్టు మీదే కూలబడింది. నాగేంద్రమ్మకూ నవ్వొచ్చింది. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

"కాయ ఇటియ్యి. శనివారం కోడలిని, పిల్లను తోలుకొని నేనే పోత. నా మొక్కు నేను తీర్చుకోక నీకెందుకిచ్చిన్నో" అంది ఇందిరమ్మ. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఆ గుట్టెనక ఏముంది?"

"నీకు తెల్వదా? చేను ఈడనే గదా!"

"నా చేను ఈడికే అయిపాయె. అటు నాకేం పని?"

నాగేంద్రమ్మ కలువల సంగతీ, నీలిపిట్ట సంగతీ చెప్పింది. ఇందిరమ్మ నడుముకు కట్టుకున్న పత్తి ఒడిని విప్పి కింద పడేసింది. "పా, చూసొస్త" అంది. మిగతా ఆడవాళ్ళు వింతగా చూస్తుంటే ఇద్దరూ గుట్ట దాకా నడిచారు. మడుగు దగ్గర ఇందిరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి నీళ్ళలోకి దిగింది. ముఖం కడుక్కుని, నాగేంద్రమ్మ రొట్టెలో సగం తిని, కోడలికని రెండు కలువలు తెంపుకుని వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి మళ్ళీ ఒంటరి నడక. మధ్యాహ్నానికి మడమ మీద బొబ్బ లేచింది. బూట్లు విప్పి, లేసులు ముడివేసి మెడలో వేసుకుని, మెత్తటి మట్టి మీద వట్టికాళ్ళతో నడిచింది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, పెళ్ళిళ్ళలో పాడే పాట ఒకటి ఎత్తుకుంది. చరణాలు గుర్తురాని చోట తనే కల్పించుకుంది.

పొద్దు వాలే వేళకు జూరాల డ్యామ్ వచ్చింది. బస్సు అయిదు నిమిషాల్లో దాటే కృష్ణను దాటడానికి ఆమెకు ముప్పావు గంటకు పైనే పట్టింది. మధ్యలో ఆగి, గోడ పట్టుకుని కిందికి చూసింది. ఆ నీళ్ళ హోరు అరికాళ్ళలో తెలిసింది. భయమేసింది, బాగుంది కూడా. ఇంకాసేపు నిలబడింది.

అవతలి చివర చేపలు వేయించే కొట్టు ముందు బెంచీ మీద జానకమ్మ కూర్చుని ఉంది. చెల్లెల్ని చూడగానే లేచి, "నీ మొగడు పదకొండుసార్లు ఫోన్ జేసిండే! నేనేం చెప్పాలె? బుద్ధుందా నీకు?" అని తిట్టింది. తిడుతూనే కూర్చోబెట్టి, కాలు ఒళ్ళోకి తీసుకుని బొబ్బను చూసి, "అయ్యో" అంది. కొట్టు ఆవిడను పిలిచి ఒక ప్లేటు చెప్పింది.

ఉప్పూకారం పట్టిన వేడి చేపముక్క నోట్లో పెట్టుకోగానే నాగేంద్రమ్మకు రోజంతటి ఆకలీ ఒక్కసారి లేచింది. అప్పుడే ఫోను మోగింది. తిరుపతయ్య.

"చేరినవా?"

"చేరిన."

"కాళ్ళు నొస్తున్నయా?"

"నొస్తున్నయి. మంచిగ నొస్తున్నయి."

"గట్లంటే ఏంది?"

"తిన్నంక చెప్త, చేపలు చల్లారుతున్నయి" అని ఫోను పెట్టేసి, నాగేంద్రమ్మ అక్క వైపు తిరిగింది. "ఇంకో ప్లేటు చెప్పవే."

జానకమ్మ తిట్టడం మానేసి, రెండు చెప్పింది.