నేనెందుకు పోవాలె

ఎనభైల చివర్లో నేను సూర్యాపేటలో కుట్టు సెంటరు టీచరుగా పనిచేసేదాన్ని. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సెంటరు వెనక వీధిలో ఒక రిటైరైన నర్సమ్మ ఉండేది. సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్లు కాన్పులు చేసిన మనిషి. శనివారం మధ్యాహ్నాలు ఆమె ఇంటి ముందుగదిలో నలుగురైదుగురు ఆడవాళ్లం కూర్చునేవాళ్లం. ఎవరైనా అడిగితే కుట్టు నేర్చుకుంటున్నామని చెప్పేవాళ్లం. ఆ మాట అబద్ధం కాకుండా ఉండాలని నేనొక పాత మిషను తెచ్చి అక్కడ పెట్టాను. నిజానికి అక్కడికి వచ్చేవాళ్లు వేరే పని మీద వచ్చేవాళ్లు. ఒకామెను మరిది పాడు చేశాడు. ఒకామెను పనిచేసే ఇంటి యజమాని. చెప్పుకుంటే తమ మీదికే వస్తుందని ఏళ్ల తరబడి నోరు మూసుకున్నవాళ్లు.

కౌన్సెలింగ్ అనే మాట మాకు అప్పటికి తెలియదు. నర్సమ్మ ఎవరినైనా మూడు ప్రశ్నలే అడిగేది. "నొప్పి ఉన్నదా బిడ్డా?" "ఏమన్న తిన్నవా?" ఆ తర్వాత, "నీకేం గావాలె?" మూడోదానికి జవాబు వచ్చేదాకా ఊరికే కూర్చునేది. ఒక్కోసారి ఆ జవాబుకు నాలుగు శనివారాలు పట్టేది. నాకు ఆ ఓపిక చూస్తే ఒళ్లు మండేది. ఏం కావాలో అడగాలా? వాడి చెయ్యి విరగాలి. వాడు నలుగురిలో తలెత్తకుండా చావాలి. ఇంకేం కావాలి?

ఒక ఎండాకాలం మిర్యాలగూడ నుంచి తల్లీ కూతుళ్లు వచ్చారు. పిల్లకు పంతొమ్మిదేళ్లు ఉంటాయి. వాళ్లది ఆ ఊరి పక్క తండా. తమలో తాము వాళ్ల భాషలో, మాతో తెలుగులో మాట్లాడారు. పిల్ల ఒక రైసుమిల్లులో ఉడకబెట్టిన వడ్లు ఆరబోసే యార్డులో కూలికి పోయేది. అక్కడి మేస్త్రీ, అంటే కూలీల హాజరు వేసేవాడు, నాలుగు రోజుల కింద పగటిపూటే గోనెసంచుల గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆమె చెప్పింది అంతే. మేమూ అంతకన్నా అడగలేదు.

పిల్ల చంకలోని సంచి మాత్రం కింద పెట్టలేదు. అందులో ఏముందని నర్సమ్మ అడిగింది.

"ఆనాటి లంగా. ఉతకలే. అమ్మ ఉతుకుతనంటే ఇయ్యలే."

"ఎందుకు ఇయ్యలే?"

"వాడు అబద్ధం ఆడుతడు గద. ఇది ఆడదు."

నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. నాకు పదమూడేళ్లప్పుడు కోదాడలో, నాకు బాబాయి వరసయ్యే లెక్కల మాస్టారింట్లో ట్యూషను నుంచి ఇంటికొచ్చిన రోజు, మా అమ్మ నా గౌనును రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికింది. "ఎవరితోనూ అనకు" అంది. ఆ తర్వాత ఇంట్లో ఆ మాటే లేదు. పండక్కి ఆయన వస్తే నాచేతే కాఫీ ఇప్పించేది.

నర్సమ్మ ఆ లంగాను నీడలో ఆరనిచ్చి, కాగితంలో చుట్టి, దారంతో కట్టింది. దవాఖానలో లేడీ డాక్టరు పరీక్ష చేస్తున్నంతసేపూ పిల్ల తల దగ్గర నిలబడి, ఏం చేయబోతున్నారో ముందే చెప్పింది. "ఇప్పుడు డాక్టరమ్మ మోకాలు జరుపుతది. వొద్దనిపిస్తె వొద్దను. ఆగుతది." ఒకసారి పిల్ల వద్దంది. డాక్టరు నిజంగానే ఆగింది. ఆ పిల్ల మొహంలో ఆశ్చర్యాన్ని నేను చూశాను. వద్దంటే ఆగేవాళ్లు ఉంటారని ఆమె మరిచిపోయినట్టుంది.

మిర్యాలగూడ స్టేషనులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాం. ఎస్సై మంచిగానే చెప్పాననుకున్నాడు. "పెండ్లి కావాల్సిన పిల్ల. కేసంటే పరువు పోతది. ఆలోచించుకోండ్రి."

"పరువు పోవాల్సినోడు బయట తిరుగుతుండు సార్" అంది నర్సమ్మ. "ముందు వాని పేరు రాయుండ్రి. రాసినదాంక గీడనే ఉంటం."

రాశారు. రాసి, నిందితుడు పరారీలో ఉన్నాడని కూడా రాశారు. ఆ పరారీలో ఉన్నవాడు రోజూ ఎనిమిది గంటలకు మిల్లు గేటు దగ్గర హాజరు పిలుస్తూనే ఉన్నాడు.

వారం తిరక్కముందే మిల్లు తరఫున ఇద్దరు, తండా పెద్దమనిషి ఒకరు ఆ పిల్ల ఇంటికి వచ్చారు. పిల్లను నేరేడుచర్లలో మేనత్త దగ్గర ఒక ఏడాది ఉంచితే అంతా చల్లబడుతుందని తేల్చారు. తల్లి తల ఊపింది. పిల్ల ఊపలేదు.

"నేనెందుకు పోవాలె? నేనేం జేసిన? వాడే పోవాలె."

తెల్లారి పనిలోకి వెళ్లింది. శనివారం వచ్చినప్పుడు నర్సమ్మ మూడో ప్రశ్న అడిగితే, అందరిలా ఆలస్యం చేయలేదు. "వాడు రోజూ నన్ను సూడాలె. సూసి సూసి సావాలె."

ఆ మాట నా లోపలికి దిగిపోయింది. రెండు రోజులు తిండి సయించలేదు. సోమవారం సెంటరుకు సెలవు పెట్టి, గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర సంచిలో వేసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. పొడవాలనే వెళ్లాను. ఎక్కడ పొడిస్తే ఎంత లోతు దిగుతుందో బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను కూడా.

మిల్లు గేటు ఎదురుగా టీ కొట్టు. వాడు అక్కడే ఉన్నాడు. నేను రాక్షసుడిలాంటివాణ్ని ఊహించుకున్నాను. భుజం మీద తువ్వాల, చెవి మీద పెన్సిలు, సాసరులో టీ ఊదుకుంటున్న మామూలు మనిషి. నన్ను చూసి, "ఎవరి కోసమమ్మా? ఎండల నిలబడ్డవు, జర నీడకు రా" అన్నాడు. ఆ మర్యాద భరించలేకపోయాను. చెయ్యి సంచిలోకి పోయింది.

అప్పుడే ఆ పిల్ల గేటు దాటి వచ్చింది. లోపలి నుంచి చూసినట్టుంది. సంచి మీదుగానే నా మణికట్టు పట్టుకుని, రైల్వే గేటు దాకా నడిపించింది. అక్కడ సంచిలో చెయ్యి పెట్టి కత్తెర తీసి చూసింది.

"నువ్వు పొడిస్తె ఏమైతది అక్కా? నా కేసు ఖతం. అందరు నీ ముచ్చటే చెప్పుకుంటరు. వాడు పాపం అయితడు."

"మరి చూస్తూ ఊరుకోమంటావా?"

"వానితోని పగ నాది. వాని సంగతి నేను సూస్త." కత్తెర తిరిగి నా సంచిలో వేసి మళ్లీ అంది. "నువ్వు పొడుద్దామని వచ్చింది మా మేస్త్రీని గాదు. నీదోడు ఇంకోడు ఉన్నడు. ఆనాడు వంటింట్లకు పోయినప్పుడే సమజైంది నాకు. నీది నువ్వు తీస్కో. నాది గుంజుకోకు."

పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి, నాకంటే చిన్న పిల్ల మూడు ముక్కల్లో చెప్పేసింది. ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. "అయితే నన్నేం చెయ్యమంటావు?" అని అడిగాను. ఆ పిల్లను మేం అడగాల్సిన ప్రశ్న అది.

"యార్డుల ఆడోళ్లతోని మాట్లాడు. నేను జెప్తె ఏడుస్తరు. నువ్వు జెప్తె ఇంటరు."

రెండు ఆదివారాలు ఆ యార్డు ఆడవాళ్ల ఇళ్లకు తిరిగాను. పదకొండు మంది. మొదట ఎవరూ నోరు విప్పలేదు. చివరికి అందరికంటే పెద్దామె, బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి, "నా బిడ్డను ఆడ పని మానిపిచ్చింది ఎందుకనుకున్నవ్?" అంది. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు. వాడి చెయ్యి పడని వాళ్లు నలుగురే తేలారు.

ఏం చేయాలో వాళ్లే అనుకున్నారు. నర్సమ్మకూ నాకూ ఆ ఆలోచన వచ్చేది కాదు.

యార్డు అంటే ఎకరం పైన సిమెంటు నేల. దాని నిండా ఉడికిన వడ్లు పలచగా పరిచి ఉంటాయి. మబ్బు పట్టిందంటే కూలీలు పరుగున వడ్లు కుప్పలు చేసి టార్పాలిన్ పట్టాలు కప్పాలి. తడిస్తే మొత్తం పాడు. వాన వచ్చేలా ఉందని కబురు రాగానే ఆ రోజు నేను సెలవు పెట్టి వచ్చి టీ కొట్టు దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నం రెండింటికి పడమట నల్లగా మూసుకొచ్చింది. గాలి లేచింది. మేస్త్రీ అరిచాడు. పన్నెండు మంది ఆడవాళ్లూ వెళ్లి రేకుల పంచలో వరసగా కూర్చున్నారు.

యజమాని పంచె ఎగ్గట్టుకుని బయటికి ఉరికొచ్చాడు. "ఏమే, దిమాక్ ఉన్నదా? లేవుండ్రి!"

పెద్దామె కూర్చున్న చోటి నుంచే చెప్పింది. "వాడు గేటు దాటినంక లేస్తం దొరా."

"ఆ సంగతి రేపు మాట్లాడుకుందం. ముందు వడ్లు ఎత్తుండ్రి!"

"వాన రేపు రాదు గద. ఇప్పుడే వస్తున్నది."

యజమాని మేస్త్రీని తిట్టాడు. మేస్త్రీ ఒక్కడే పట్టా కొస పట్టుకుని లాగాడు. గాలికి అది వాడి మీదే తిరగబడింది. పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. వాడు తువ్వాల జారిపోయి, తడిసిన వడ్ల మీద కాలు జారి, మోకాళ్ల మీద పాకుతున్నాడు. పన్నెండు మందీ చూస్తున్నారు. ఆ పిల్ల లేచి పంచ అంచు దాకా వచ్చి, వాడికి బాగా కనిపించేలా నిలబడి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నా జీవితంలో అంత తృప్తిగా చూసిన దృశ్యం మరొకటి లేదు.

సగం వడ్లు తడిశాక యజమాని వాణ్ని మెడ పట్టి గేటు బయటికి నెట్టాడు. అప్పుడు ఆడవాళ్లు లేచి మిగతా సగం కాపాడారు. గేటు బయట పడ్డవాణ్ని, మిల్లు అండ పోయాక, పరారీ నుంచి పట్టుకోవడానికి పోలీసులకు రెండు రోజులు చాలాయి.

తర్వాతి ఆదివారం నేను కోదాడ వెళ్లాను. మా ఇంటికి పోలేదు. మాస్టారింటికి పోయాను. ఆయన అన్నం తింటున్నాడు. పిన్ని పెరుగు గిన్నెతో పక్కన నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోకుండా, పదమూడేళ్లప్పుడు ఏ గదిలో ఏం జరిగిందో ఇద్దరూ వినేలా చెప్పాను.

"ఏం మాట్లాడుతున్నావమ్మా? వడదెబ్బ గానీ తగిలిందా?" అన్నాడాయన.

పిన్ని నా వైపే చూస్తూ అంది. "నువ్వు ట్యూషను మానేసినప్పుడు ఎందుకని నేను అడగలేదు. అడిగుండాల్సింది. తెలిసే అడగలేదమ్మా." సగం తిన్న కంచం ఆయన ముందు నుంచి తీసి, వీధిలో కుక్కకు పెట్టి వచ్చింది. "లేవండి. ఇంక ఈ ఇంట్లో మీకు వడ్డించేవాళ్లు లేరు."

నేను అక్కడితో ఆగలేదు. అప్పటికింకా ఆయన దగ్గర ఎనిమిది మంది ఆడపిల్లలు ట్యూషను చదువుతున్నారు. ఎనిమిది ఇళ్లకూ వెళ్లి వాళ్ల తల్లులతో చెప్పాను. ఇద్దరు నన్ను తిట్టి పంపారు. కానీ సోమవారం ఆ అరుగు మీద ఒక్క చెప్పుల జత కూడా లేదు. మా అమ్మ సూర్యాపేటకు వచ్చి ఏడ్చింది. "పరువు తీశావు కదే" అంది.

"తీశాను. వాడిదే తీశాను" అన్నాను. ఆమెతో మళ్లీ మామూలుగా మాట్లాడటానికి నాకు మూడేళ్లు పట్టింది. గౌను ఉతికిన చేతుల్ని క్షమించడం, చేసినవాణ్ని అసహ్యించుకోవడం కంటే కష్టం.

కేసు మిర్యాలగూడ కోర్టులో విచారణకు వచ్చేసరికి రెండేళ్లు దాటింది. తలుపులు మూసి విచారించారు. ముద్దాయి తరఫు లాయరు రెండు రోజులు ఆ పిల్లను ప్రశ్నలతో పొడిచాడు. కాగితంలో చుట్టిన లంగాను అక్కడే విప్పి చూపించారు. బయట వరండాలో యార్డు ఆడవాళ్లు వంతులేసుకుని కూర్చున్నారు. ఆమె బయటికి రాగానే లోపల ఏమైందని ఎవరూ అడగలేదు. ఒకామె మంచినీళ్లు ఇచ్చింది. ఒకామె వెనక కూర్చుని జడ విప్పి మళ్లీ అల్లింది. నర్సమ్మ, "ఏమన్న తిన్నవా?" అంది. లాయరు అటుగా పోతుంటే అందరూ మాట ఆపేసి, వరండా దాటేదాకా ఆయన్నే చూశారు. రెండో రోజు ఆయన వెనక మెట్ల మీదుగా పోయాడు.

ఏడేళ్ల శిక్ష పడింది. "ఏడేనా?" అంది పిల్ల. అప్పీలులో అదీ తగ్గింది. బయటికి వచ్చి వాడు మళ్లీ పని వెతుక్కున్నాడు. మిర్యాలగూడలో మిల్లు మిల్లుకూ మారేది ఆ కూలి ఆడవాళ్లే కదా. వాడు ఏ గేటు తొక్కినా వాడికంటే ముందు వాడి కథ లోపలికి చేరేది. మేళ్లచెరువు వైపు సిమెంటు లారీల లోడింగుకు పోయాడని తెలిసినప్పుడు, అక్కడ ఎవరికి చెప్పాలో వాళ్లకు నేనే చెప్పి వచ్చాను. నెల తిరగకుండా అక్కడి నుంచీ పోయాడు.

నర్సమ్మకు ఇది నచ్చలేదు. "ఇగ సాలు బిడ్డా. వాని ఎంబడి తిరిగి తిరిగి నీ పానం పాడైతది" అంది. చాలు అనిపించలేదని చెప్పాను. ఆమె వాదించలేదు. తొంభైల మధ్యలో ఆమె పోయాక ఆ గది నడపడం నా మీద పడింది. వచ్చినవాళ్లను ఆమె ప్రశ్నలే అడుగుతాను. క్షమించమని మాత్రం ఎవరికీ చెప్పను. పగ ఉందని ఎవరైనా సిగ్గుపడుతూ చెబితే, ఉండనియ్యి, దానితో ఏం చేద్దామో చూద్దాం అంటాను.

ఆ పిల్లను చివరిసారి చూసింది తొంభైల ఆఖర్లో, మిర్యాలగూడ బస్టాండులో. పెళ్లయింది, చంకలో ఏడాది కూతురు. ఇంకా అదే యార్డులో పని. మాటల మధ్యలో నేను మేస్త్రీ ఊసెత్తాను, గుంటూరు వైపు కనిపించాడట అని. ఆమె కూతురి ముక్కు తుడుస్తూ, "వాని మొఖం యాదికి వస్తలేదు అక్కా నాకు" అంది.

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. ఎవరో నా చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు అనిపించింది.

"నాకు గుర్తుంది. నువ్వు మరిచిపో. నేను మరిచిపోను" అన్నాను.

ఆమె కూతుర్ని ఇంకో చంకకు మార్చుకుంది. "సరే, ఉంచుకో" అంది. సూర్యాపేట బస్సు వచ్చింది. నాకు కిటికీ పక్క సీటు దొరకాలని ఆమె నాకంటే ముందు ఉరికి, తువ్వాల వేసి ఆపింది.